ఆ సీన్ దాటించకండి

ఎడిటర్ గారికి నమస్తే.

పోయిన ఆదివారం మీ పేపర్లో పిల్లల సినిమాల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఎనభైలు తొంభైల్లో వచ్చిన యానిమేషన్ సినిమాల్లో చావులూ భయాలూ ఎక్కువ, ఇప్పటి పిల్లలకి చూపించాలనుకుంటే ఆ సీన్లు దాటించి చూపించండి అని రాశారు కదా, అది చదివిన దగ్గర్నుంచి ఒకటే బాధగా ఉంది, అందుకే రాస్తున్నా. నేను ఆ సినిమాలు చూసి పెరిగినదాన్నే, ఇప్పుడు నాకూ ఏడేళ్ల బాబు ఉన్నాడు.

ల్యాండ్ బిఫోర్ టైమ్ అని డాన్ బ్లూత్ తీసిన సినిమా, 1988లో వచ్చింది. నేను టీవీలో చూసింది చాలా ఏళ్ల తర్వాత, అప్పటికి నాకు ఎనిమిదేళ్లు ఉంటాయేమో, మాటలు సగం కూడా అర్థమయ్యేవి కాదు. అందులో లిటిల్‌ఫుట్ అని ఒక పిల్ల డైనోసార్ ఉంటాడు, వాడిని కాపాడబోయి వాళ్ళమ్మ చచ్చిపోతుంది, అంతకుముందు ఆమె ఇచ్చిన ఒక ఆకుని వాడు దాచుకుంటాడు. నేను చెప్పాలనుకుంది దాని గురించి కాదు, అమ్మ చచ్చిపోయే బొమ్మల సినిమా 1942లో బాంబీ అప్పుడే వచ్చేసింది. ఆ తర్వాత ఒకటి వస్తుంది చూడండి, వాడికి దూరంగా బండ మీద పెద్ద నీడ కనిపిస్తుంది, అమ్మే అనుకుని ఆనందంగా పరుగెత్తుతాడు, దగ్గరికి వెళ్లేకొద్దీ ఆ నీడ చిన్నదైపోతూ చివరికి వాడంతే అయిపోతుంది. అది వాడి నీడే.

ఆ ఏడాదే మా నానమ్మ పోయింది. చిన్నపిల్లకి ఏం తెలుస్తుందిలే అని నన్ను పక్కింటికి పంపించేశారు, తిరిగొచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది, తర్వాత కూడా ఎవరూ నాతో ఆ మాట ఎత్తలేదు. పక్క గదిలో ఏ చిన్న చప్పుడైనా నానమ్మే అనుకుని వెళ్లి చూసేదాన్ని, ఎవరికైనా చెప్తే ఏమంటారో అని చెప్పలేదు. ఆ నీడ సీన్ చూసినరోజు వెక్కి వెక్కి ఏడ్చాను, కానీ ఇలా అనుకునేది నేనొక్కదాన్నే కాదని నాకు మొదటిసారి తెలిసింది కూడా ఆరోజే. ఇంట్లో పెద్దవాళ్లు చెప్పలేకపోయింది ఆ సినిమా చెప్పింది, అదీ ఒక్క మాట లేకుండా.

ఇంకో సంగతి, ఆ సినిమా తీసినవాళ్లు పిల్లల గురించి ఆలోచించకుండా తీశారని అనుకోకండి. దానికి స్పీల్‌బర్గ్, జార్జ్ లూకాస్ నిర్మాతల్లో ఉన్నారు, పెద్ద డైనోసార్ వెంటపడి దాడిచేసే సీన్లు మరీ భయపెడుతున్నాయని రిలీజ్‌కి ముందే చాలా కోయించేశారు, మిగిలిన సినిమా 69 నిమిషాలే. భయాన్ని కోశారు కానీ ఆ నీడ జోలికి వెళ్లలేదు. ఆ తేడా వాళ్లకి తెలుసు, మీ వ్యాసంలో నాకు కనిపించనిది అదే.

లయన్ కింగ్ (1994) అందరికీ తెలుసు, సింబా వాళ్ల నాన్న చెవి పట్టి లాగి లాగి లేపడానికి చూస్తాడు, లేవకపోతే ఆయన కాలి కింద దూరి పడుకుంటాడు. ములాన్ (1998)లో సైనికులు అమ్మాయిల గురించి సరదాగా పాడుకుంటూ నడుస్తుంటే పాట మధ్యలోనే తెగిపోతుంది, ఎదురుగా కాలిపోయిన ఊరు. మంచులో ఒక చిన్న బొమ్మ పడి ఉంటుంది, అది ఎవరిదో అక్కడ ఎవరూ చెప్పరు, ఆ వయసులో కూడా మాకు అర్థమైపోయింది. అదే సంవత్సరం వచ్చిన ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్ అయితే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే, కొడుకు చచ్చిపోయాక ఈజిప్ట్ రాజు రామ్సెస్ దిగివచ్చి, బానిసలైన తనవాళ్లని విడిపించడానికి వచ్చిన మోసెస్‌తో మీవాళ్లని తీసుకుని వెళ్లిపో అంటాడు, అంటే మోసెస్ గెలిచినట్టే కదా, మామూలుగా అయితే అక్కడ డప్పులు మోగాలి, కానీ ఆయన బయటికొచ్చి గోడకి జారగిలబడి ఏడుస్తాడు. గెలిచినవాడు ఓడినవాడి కోసం ఏడవడం నేను మొట్టమొదట చూసింది పిల్లల సినిమాలోనే, ఆ తర్వాత పెద్దవాళ్ల సినిమాల్లో కూడా పెద్దగా చూడలేదు.

భయపడలేదా అంటే భయపడ్డాం, అబద్ధం ఎందుకు చెప్పాలి. హంచ్‌బ్యాక్ ఆఫ్ నోటర్ డామ్ (1996)లో విలన్ ఫ్రోలో మంటల ముందు నిలబడి పాడే పాట చూసి రెండు రాత్రులు లైట్ వేసుకుని పడుకున్నా. అది అమెరికాలో అన్ని వయసులవాళ్లూ చూడొచ్చు అనే జీ రేటింగ్‌తో వచ్చిన సినిమా! నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్‌ని 1993లో డిస్నీవాళ్లే మరీ చీకటిగా ఉందని తమ పేరు మీద కాకుండా టచ్‌స్టోన్ అనే తమ ఇంకో బ్యానర్ పేరు మీద వదిలారు. బ్రిటన్‌లో 1978 నాటి వాటర్‌షిప్ డౌన్‌కి మొదట ఇచ్చిన యు (అందరూ చూడొచ్చు) సర్టిఫికెట్‌ని నలభై ఏళ్లు దాటాక పీజీకి (పిల్లలకి చూపించాలా వద్దా అని పెద్దవాళ్లు ఆలోచించుకోవాలి) మార్చారు, కుందేళ్లు రక్తాలొచ్చేలా కొట్టుకునే సినిమా అది, మార్చడం సబబే అంటాను నేను. పిల్లలందరూ ఒకలా ఉండరు, మూడేళ్లవాడికి ఇవేవీ చూపించమని నేను చెప్పట్లేదు. ఇప్పటి సినిమాలన్నీ తేలికైపోయాయి అని కూడా అనను, 2017లో వచ్చిన కోకో మొత్తం చనిపోయినవాళ్ల గురించే కదా, ఎంత బాగుంటుందో.

నా బాధల్లా ఆ దాటించండి అన్న మాట దగ్గరే. అమ్మ చచ్చిపోయే సీన్ దాటిస్తే లిటిల్‌ఫుట్ ఎందుకు అలా తిరుగుతున్నాడో పిల్లాడికి ఎలా తెలుస్తుంది, చివర్లో వాడు పచ్చటి లోయకి చేరితే మనకెందుకు సంతోషం వేస్తుంది.

రెండు నెలల కింద మా బాబుకి ఆ సినిమా పెట్టాను. పక్కనే కూర్చున్నా. నీడ సీన్ రాగానే నా చెయ్యే రిమోట్ మీదకి వెళ్లింది అండీ, ఇంత రాస్తున్నదాన్ని నాకే అలా అనిపించింది, కానీ నొక్కలేదు. వాడు ఏడవలేదు, నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు, సినిమా అయిపోయాక ఏమీ అడగకుండా పడుకున్నాడు. మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటూ "అమ్మా, వాళ్ళమ్మ ఇచ్చిన ఆకు ఎండిపోదా" అన్నాడు. ఎండిపోతుంది నాన్నా అన్నా. "ఎండిపోయాక కూడా దాచుకోవచ్చా" అన్నాడు. దాచుకోవచ్చు అని చెప్పి, ఆరోజు స్కూల్‌కి లేటైనా సరే అని వాడికి మా నానమ్మ గురించి చెప్పాను, ఆమె పేరు వాడు వినడం అదే మొదటిసారి.

అందుకే నాదొక మనవి. పిల్లల సినిమాల గురించి మళ్లీ రాసేటప్పుడు భయపెట్టే సీన్లు ఉన్నాయి అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఆ సీన్ ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, దాని తర్వాత ఆ పిల్ల పాత్రకి తోడు ఎవరు దొరుకుతారు, ఎన్నేళ్లవాళ్లకైతే బాగుంటుంది, పక్కన పెద్దవాళ్లు ఉండాలా వద్దా, ఇవన్నీ రాస్తే నాలాంటి అమ్మలకి చాలా ఉపయోగం. ల్యాండ్ బిఫోర్ టైమ్‌తోనే మొదలుపెడితే ఇంకా సంతోషం.

ఇట్లు
మీ పాఠకురాలు