వచ్చిన మాట పోతే ‘కాస్త ఆగండి’ అనొద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. పిల్లల ఎదుగుదల గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో ఆటిజం మాట తరచూ కనిపిస్తుంది. జన్యులోపం వల్ల బుద్ధిమాంద్యం వచ్చిన ఆడపిల్లల ఊసు చాలా తక్కువ. అలాంటి పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్‌గా ఇది రాయకుండా ఉండలేకపోతున్నాను.

అలాంటి జన్యులోపాల్లో ఒకటైన రెట్ సిండ్రోమ్ సుమారు 10,000 మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది. మొదటి ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది పైన కూడా, పాప బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. నవ్వుతుంది, బొమ్మ అందుకుంటుంది, ఒకటి రెండు మాటలంటుంది. తర్వాత ఆ మాటలు పోతాయి. చేత్తో పట్టుకోవడం పోతుంది. రెండు చేతులూ గుండెల దగ్గరికి తెచ్చుకుని, బట్టలు పిండుతున్నట్టు అదే పనిగా నలుపుతూ ఉంటుంది. అయినా చాలామంది తల్లులు మొదట వినేది ‘కొందరికి మాటలు ఆలస్యం, కాస్త ఆగండి’ అనే. మాట ఆలస్యం కావడం వేరు, వచ్చిన మాట పోవడం వేరు. రెండోదానికి ఆ సలహా ఇవ్వడం చాలా తప్పు.

వియన్నా డాక్టర్ ఆండ్రియాస్ రెట్ ఈ లక్షణాలను 1966లోనే రాశారు. కారణమైన ఎంఈసీపీ2 జన్యువును శాస్త్రవేత్త హుదా జోగ్బీ బృందం 1999లో కనిపెట్టింది. కాబట్టి ఇప్పుడు రక్తపరీక్షతో చాలావరకు తేల్చుకోవచ్చు. ఆ జన్యువులో మార్పు దాదాపు ఎప్పుడూ కొత్తగా వచ్చిందే, అదీ ఎక్కువగా తండ్రి వీర్యకణంలో. అందులో ఎవరి తప్పూ లేదు. ‘కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు’ అని తల్లిని నిలదీసే బంధువులు ఇది తెలుసుకుంటే బాగుండు.

బుద్ధిమాంద్యం తెచ్చే మరో జన్యులోపం ఫ్రాజైల్ ఎక్స్ సంగతి వేరు. అది ఎక్స్ క్రోమోజోములో ఉండే లోపం, కుటుంబంలో వస్తుంది. ఆడపిల్లకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి కాబట్టి లక్షణాలు తరచూ తేలిగ్గానే ఉంటాయి. ‘సిగ్గరి, లెక్కలు రావు’ అని ఊరుకుంటారు. మామూలు క్రోమోజోమ్ పరీక్ష నార్మల్ అని వచ్చినా ఇది లేదని అనుకోకూడదు, దీనికి విడిగా పరీక్ష చేయాలి. తల్లి క్యారియర్ అని, అంటే ఆ లోపాన్ని బిడ్డకు అందించగలదని తెలిస్తే తర్వాతి కాన్పు గురించి ముందే ఆలోచించుకోవచ్చు.

పేరు తెలిస్తే ఒరిగేదేమిటని అడుగుతారు. రెట్ అని తెలిస్తే ఫిట్స్, వెన్నెముక వంకర, గుండె లయ మీద ముందునుంచే కన్నేసి ఉంచుతారు. గుండె లయను దెబ్బతీసే కొన్ని మందులు ఇవ్వకుండా జాగ్రత్త పడతారు. 2023లో అమెరికాలో రెట్‌కు ట్రోఫినెటైడ్ అనే మందుకు అనుమతి వచ్చింది. అది జబ్బును పూర్తిగా తగ్గించదు, కొందరికి కొంత మేలు చేస్తుంది.

స్కూల్లోనూ తేడా ఉంటుంది. మాట లేని పాప ముందు రెండు బొమ్మలు పెట్టి, ఏది కావాలని అడిగి, తొందరపెట్టకుండా చూడండి. చేతులు నలుగుతూనే ఉంటాయి, చూపు మాత్రం కాసేపటికి ఒక బొమ్మ మీద ఆగుతుంది. అదే జవాబు. ‘దీనికేం అర్థం కాదు’ అని పక్కన కూర్చోబెట్టిన పిల్లలు ఇలా జవాబు చెప్పడం నేను చూస్తూనే ఉన్నాను.

నేను అడిగేది ఒక్కటే. పిల్లల టీకాల కార్డు మీద ‘వచ్చిన మాటగానీ, చేతి పనిగానీ పోయిందా?’ అనే ప్రశ్న చేర్చాలి. అవునంటే ఆ రోజే పిల్లల నరాల డాక్టర్ దగ్గరికి, జన్యుపరీక్షకు పంపాలి. ఆరోగ్య శాఖ పెద్దలు దీన్ని పట్టించుకునేలా మీ పత్రిక రాయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక స్పెషల్ టీచర్