లండన్ నుంచి పారిస్‌కు: రైలా, బస్సా, విమానమా?

విజయవాడ

బుజ్జీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో చెబితే సగం విని "సర్లే అమ్మా, క్లాసుకు టైమైంది" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

ఈస్టర్ సెలవులకు ముగ్గురూ కలిసి పారిస్ చూసొద్దామనుకోవడం బాగానే ఉంది. ఒకమ్మాయి రాత్రి బస్సయితే చవకంటోంది, ఇంకో అమ్మాయి ఫ్లైటెక్కితే గంటలో దిగిపోతామంటోంది. నువ్వేమో "బస్టాండు మనిషివి కదా, నువ్వే తేల్చు" అని నా మీదికి తోసేశావు. నిజమే, నా ఉద్యోగమంతా ఆర్టీసీ రిజర్వేషన్ కౌంటర్లోనే గడిచింది. అయినా నా ఓటు బస్సుకు కాదు, రైలుకే. ఎందుకో చెప్తాను గానీ దానికంటే ముందు వీసా సంగతి చూడు.

మీ ముగ్గురిలో బ్రిటిష్ పాస్‌పోర్టున్న అమ్మాయి రేపు వెళ్దామనుకుంటే రేపే వెళ్లగలదు. నీకలా కుదరదు. నీ స్టూడెంట్ వీసా బ్రిటన్ వరకే. ఫ్రాన్స్‌లో అడుగుపెట్టాలంటే షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా, వేరే తీసుకోవాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచీ అప్లై చేసుకోవచ్చు, ఎంత ఆలస్యమైనా 15 రోజుల ముందు కాగితాలు ఇచ్చి తీరాలి. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, దానిపైన వీసా కాగితాలు తీసుకునే సెంటర్ వాళ్ల సర్వీసు చార్జీ. 30,000 యూరోలకు తగ్గకుండా ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా అడుగుతారు. వీటన్నిటికంటే పెద్ద తలనొప్పి అపాయింట్‌మెంట్ స్లాటు, సెలవుల ముందైతే మరీనూ.

చిక్కంతా ఇక్కడే ఉంది. చవక టికెట్లు కావాలంటే చాలా ముందుగా కొనాలి. వీసా చూస్తే చివరిదాకా చేతికి రాదు. నీ ఫ్రెండ్స్ "ఇవాళ ఆఫర్ ఉంది, కొనేద్దాం" అంటే తల ఊపేయకు. వీసా రాకపోతే ఆ డబ్బు పోయినట్టే. క్యాన్సిలేషన్‌కని కౌంటర్ దగ్గరకొచ్చి, ఎంత కోస్తామో చెప్పగానే మాడిపోయే మొహాలు చాలా చూశాను. నాలుగు పౌండ్లు ఎక్కువైనా తేదీ మార్చుకోనిచ్చే టికెట్టే తీసుకో. హోటల్ కూడా డబ్బు కట్టకుండా బుక్ చేసుకుని, అవసరమైతే రద్దు చేసుకునేదే చూడు.

ఇక ఫ్లైటు. గాల్లో ఉండేది గంటా పావే, కాదనను. కానీ నువ్వుండేది ఈస్ట్ హామ్‌లో. అక్కణ్ణుంచి హీత్రూకు గంటకు పైనే పడుతుంది. రెండు గంటల ముందు అక్కడ ఉండాలి. అవతల పారిస్ ఎయిర్‌పోర్టు షార్ల్ ద గాల్‌లో దిగి, ఇమిగ్రేషన్ దాటి బయటపడేసరికి ఎంత లేదన్నా ముప్పావుగంట. అది ఊరికి పాతిక కిలోమీటర్ల దూరం. ఆర్ఈఆర్ బి అనే లోకల్ రైలెక్కి ఊళ్లోకి రావడానికి ఇంకో అరగంట పైమాటే. ఎయిర్‌పోర్టు నుంచి వచ్చే టికెట్టు 2025లో 13 యూరోలు ఉండేది. మొత్తం కలుపుకో, నీ గది తలుపు దగ్గర్నుంచి ఆరు గంటలకు దగ్గరపడుతోందా లేదా? గంటలో దిగిపోతామన్న అమ్మాయిని కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పు.

పైగా ముప్ఫై పౌండ్ల ఫ్లైటు టికెట్టు ముప్ఫై పౌండ్లతో ఆగదు. ఈజీజెట్ లాంటి వాటిలో ఉత్తపుణ్యానికి తీసుకెళ్లనిచ్చేది సీటు కింద పట్టే చిన్న బ్యాగు, 45×36×20 సెంటీమీటర్లది. చక్రాల సూట్‌కేసు పైన పెట్టుకోవాలంటే వేరే డబ్బు. ఇంకో సంగతి, పారిస్ అని పేరు పెట్టుకున్న ఎయిర్‌పోర్టులన్నీ పారిస్‌లో లేవు. బోవే అని ఒకటుంది, ఊరికి 85 కిలోమీటర్లు. బెజవాడ టికెట్టు కొంటే ఏలూరు దాటించి దించినట్టుంటుంది. ఎక్కడి నుంచి కొన్నా ఆ పేరు కనిపిస్తే ఆగి చూసుకో.

రైలు విషయానికొస్తే, ఈస్ట్ హామ్ నుంచి నీకున్నంత సుఖం ఎవరికీ లేదు. హామర్‌స్మిత్ అండ్ సిటీ లైనెక్కితే మారే పని లేకుండా కింగ్స్ క్రాస్ సెయింట్ పాంక్రాస్‌లో దిగుతావు, అరగంట పైన కొంచెం. పారిస్ వెళ్లే యూరోస్టార్ రైలు బయల్దేరేది అక్కడే. స్ట్రాట్‌ఫర్డ్ మీకింకా దగ్గర కదా, అక్కడ "ఇంటర్నేషనల్" అని ఒక స్టేషన్ ఉంది కదా అని అటు వెళ్లేవు. పేరు ఇంటర్నేషనలే గానీ యూరోస్టార్ అక్కడ ఆగదు. నాన్న మ్యాపులో అది చూసి అన్నయ్యతో గంటసేపు వాదించారు!

మేం అన్నయ్య దగ్గరికి వచ్చినప్పుడు ఆ రైల్లోనే వెళ్లాం కాబట్టి ఇదంతా కళ్లారా చూసి చెప్తున్నా. సెయింట్ పాంక్రాస్‌లో ముందు టికెట్టు స్కాన్ చేసుకుని లోపలికి పోతారు, ఆ తర్వాత బ్యాగులకు ఎక్స్‌రే. అది దాటగానే ఫ్రెంచి పోలీసుల గాజు గదులు వరసగా ఉంటాయి. లండన్ నడిబొడ్డున నిలబడి ఉంటావు, నీ పాస్‌పోర్టు చూసేది మాత్రం ఫ్రాన్స్ వాళ్లు. రెండు దేశాలూ అలా ఒప్పందం చేసుకున్నాయి. దీని లాభం అవతల తెలుస్తుంది. పారిస్ స్టేషన్ గార్ ద్యు నోర్‌లో రైలు ఆగితే క్యూ లేదు, స్టాంపు లేదు, పెట్టె లాక్కుంటూ నేరుగా ఊళ్లోకి నడిచేయడమే. అయితే ఇవతల తొందరగా వెళ్లాలి. 2025 అక్టోబరు నుంచి యూరప్ సరిహద్దుల్లో ఈఈఎస్ అని కొత్త పద్ధతి మొదలుపెట్టారు, ఫొటో తీస్తారు, వేలిముద్రలు చూస్తారు. సెలవుల్లో అక్కడ జనం కిటకిటలాడతారు. రైలు టైముకు గంటన్నర ముందుండు, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నా పర్లేదు.

రైలు ప్రయాణం దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు. టికెట్టు మీద చూస్తే మూడు గంటల పైన కనిపిస్తుంది, కంగారుపడకు, పారిస్ గడియారం మీకంటే గంట ముందుంటుంది. వెళ్లేటప్పుడు పోయిన గంట వచ్చేటప్పుడు తిరిగొస్తుంది. రైలు గంటకు 300 కిలోమీటర్ల దాకా పోతుంది, సముద్రం కింది టన్నెల్లో మాత్రం 160కి తగ్గిస్తారు. 1994లో తెరిచిన టన్నెలు, 50 కిలోమీటర్ల పొడవు, అందులో 38 కిలోమీటర్లు సముద్రం అడుగునే. నాన్న సముద్రం ఎప్పుడు కనిపిస్తుందా అని కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నారు. ఇరవై నిమిషాలు చిమ్మచీకటి, ఆ తర్వాత పొలాలు. "ఇంతేనా?" అన్నారు. పక్క సీటులో పెద్దావిడకు భాష తెలియకపోయినా ఆ మొహం చూసి నవ్వింది.

సామాను సంగతిలోనూ రైలుకే మార్కులు. పెద్ద పెట్టెలు రెండు, చేతి బ్యాగొకటి తీసుకెళ్లొచ్చు, తూకం వెయ్యరు. వంద మిల్లీలీటర్ల గొడవ లేదు కాబట్టి నీ ఆవకాయ సీసా రైల్లో దర్జాగా వెళ్తుంది. అదే ఫ్లైటు చేతి బ్యాగులో పెడితే సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతుంది. నెయ్యి, పెరుగు, పనీర్ మాత్రం ఎందులోనూ వద్దు. బ్రిటన్ నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి రానివ్వరు. వచ్చేటప్పుడు కూడా అంతే, అక్కడి చీజ్ తేవద్దని 2025 ఏప్రిల్‌లో బ్రిటన్ వాళ్లూ నిషేధం పెట్టారు. తినాలనుంటే అక్కడే కడుపునిండా తినెయ్.

రైలుకున్న ఒకే ఒక్క దోషం ధర. రెండు మూడు నెలల ముందు చూస్తే 40 పౌండ్లకు అటూ ఇటూ దొరుకుతుంది, చివరి వారంలో 150 దాటినా ఆశ్చర్యం లేదు. శుక్రవారం సాయంత్రం, ఆదివారం సాయంత్రం వదిలేసి మంగళవారమో బుధవారమో పొద్దున్నే చూడు.

బస్సు గురించి నేను చెడ్డగా మాట్లాడితే కళ్లు పోతాయి, నాకు ఇన్నేళ్లు అన్నం పెట్టింది అదే. విక్టోరియా కోచ్ స్టేషన్ నుంచి పారిస్ బెర్సీకి ఇరవై ముప్ఫై పౌండ్లకే వస్తుంది, ఆఖరి రోజున కొన్నా రైలంత మండదు. ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం. మన హైదరాబాద్ నైట్ సర్వీసులో ఎక్కి పడుకుంటే తెల్లారి ఎల్బీ నగర్‌లో లేపుతారు, ఇది అలాంటిది కాదమ్మా. అన్నయ్య చదువుకునే రోజుల్లో ఒకసారి వెళ్లాడు, వాడినే అడుగు. అర్ధరాత్రి ఇంగ్లండ్ ఒడ్డున డోవర్ రేవులో లైట్లు వేసి అందరినీ దించారట. నిద్రకళ్లతో పాస్‌పోర్టు పట్టుకుని చలిలో లైను. మళ్లీ ఎక్కితే బస్సు ఫెర్రీలోకి పోయింది. ఫెర్రీ నడుస్తున్నంతసేపు బస్సులో ఉండనివ్వరు, మెట్లెక్కి పైకి వెళ్లాల్సిందే. గంటన్నర అక్కడ కుర్చీలో జోగి, ఫ్రాన్స్ ఒడ్డున కేలేలో మళ్లీ కిందికి. వాడికి పట్టుమని రెండు గంటలు కూడా నిద్రలేదు. కొన్ని బస్సుల్ని టన్నెలు రైలు మీదికి ఎక్కిస్తారు, అదైతే 35 నిమిషాలే, బస్సులోనే కూర్చోవచ్చు. కానీ నీ బస్సు ఏ దారిన పోతుందో టికెట్టు కొనేటప్పుడు గట్టిగా చెప్పరు.

ఇంకొకటి, తెల్లవారుజామున ఆరింటికి దిగితే హోటల్లో గది మధ్యాహ్నం దాకా ఇవ్వరు. ముగ్గురు ఆడపిల్లలు, మూడు పెట్టెలు, ముఖం కడుక్కోవడానికి చోటు లేక మొదటి రోజంతా ఈసురోమంటూ తిరగాలి. మిగిలిన యాభై పౌండ్లు ఆ రోజు కాఫీలకీ లాకర్లకీ సరిపోతాయి. బస్సే ఎక్కాలనుకుంటే పగటి బస్సెక్కండి. డోవర్ దగ్గర ఆ తెల్లటి కొండలైనా కనిపిస్తాయి.

పడవ మీద వెళ్లే పాత దారి కూడా ఉందని నాన్న గుర్తుచేస్తున్నారు. విక్టోరియా నుంచి న్యూహేవెన్‌కు రైలు, అక్కణ్ణుంచి డియెప్‌కు నాలుగు గంటల ఫెర్రీ, మళ్లీ రువాన్ మీదుగా పారిస్‌కు రైలు. ఒక రోజంతా దానికే పోతుంది. నాన్నకు నచ్చింది, నాన్నే వెళ్తారులే.

కాబట్టి నా లెక్క ఇది. వీసా చేతికొచ్చేసరికి ఇంకా నెల టైముంటే రైలు. పది రోజులే మిగిలి రైలు ధర చూస్తే గుండె ఆగేలా ఉంటే, వెళ్లడం పగటి బస్సు, రావడం రైలు పెట్టుకో. రెండు వైపులా ఒకటే ఉండాలని రూలేం లేదు. ఫ్లైటు మాత్రం వద్దు. పారిస్‌లో ఎయిర్‌పోర్టు పక్కన ఉండేవాళ్లకు, హీత్రూ పక్కన ఉండేవాళ్లకు అది బాగుంటుందేమో, నీకు కాదు.

రిటర్న్ రోజున గార్ ద్యు నోర్‌లో బ్రిటిష్ ఇమిగ్రేషన్ వాళ్లు ఉంటారు. నీది ఈ-వీసా కదా, బ్రిటన్ వీసా ఆఫీసు (యూకేవీఐ) అకౌంట్లో ఉన్న పాస్‌పోర్టు నంబరూ నీ చేతిలోదీ ఒకటేనా కాదా ఇవాళే చూసుకో. పోయినేడు పాస్‌పోర్టు రెన్యూవల్ చేయించుకున్నావు, గుర్తుందా? ఆ స్టేషన్లో జేబుదొంగలు ఎక్కువ, ఫోన్ వెనక జేబులో పెట్టుకునే అలవాటు మానుకో.

స్లాటు దొరగ్గానే మెసేజ్ పెట్టు. రైలు టికెట్టులో సగం నేను వేస్తాను, నాన్నకు చెప్పకు, ఆయన కూడా సగం వేస్తానంటున్నారు.

అమ్మ