షికాగో నుంచి అక్కయ్యకు

ప్రియమైన అక్కయ్యకు,

నమస్కారాలు. ఇక్కడ మేము క్షేమం. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను.

మొన్న శనివారం మంచు వల్ల గడప దాటలేక, నేనూ మీ మరదలూ 'వాట్ విమెన్ వాంట్' అనే పాత సినిమా చూశాము. నాన్సీ మయర్స్ 2000లో తీసిన ఆ కథ ఈ షికాగోలోనే జరుగుతుంది. కథానాయకుడు మెల్ గిబ్సన్ ప్రకటనల సంస్థలో ఉద్యోగి. ఆడవాళ్ల సంగతి తనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదని అతని ధీమా. తాను ఆశపడ్డ పదవిలోకి వచ్చిన హెలెన్ హంట్, ఆడవాళ్లు వాడే సరుకులను డబ్బాల్లో పెట్టి అందరికీ పంచుతుంది. అతడు ఇంట్లో గోళ్లకు రంగు పూసుకుని, కాళ్లకు మైనపు పట్టీలు అంటించుకుని, చివరికి హెయిర్ డ్రయ్యర్‌తో సహా స్నానాల తొట్టిలో పడి షాకు తింటాడు. మర్నాటి నుంచి ఆడవాళ్లు మనసులో అనుకునే మాటలన్నీ అతని చెవిన పడుతుంటాయి. పట్టీ ఊడబీకే చోట మీ మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. అయితే, హెలెన్ హంట్ ఆలోచనలు దొంగిలించి పేరు తెచ్చుకున్నవాణ్ణి కథ మరీ సులువుగా క్షమించిందని నాకనిపించింది. దీన్నే తిరగేసి, మగవాళ్ల మనసు వినబడే కథానాయికతో 2019లో మరొకటి తీశారని చెబితే, "వినడానికి అందులో ఏముంటుందిలెండి" అంది.

నన్ను వదలనిది ఎరిన్ పాత్ర. ఆఫీసులో ఫైళ్లు మోస్తూ తిరిగే ఆ అమ్మాయి, తాను లేకపోయినా ఎవరూ గమనించరని లోలోపల కుమిలిపోతుంటుంది. ఆమెను వెతుక్కుంటూ వెళ్లే దారిలోనే అతని శక్తి పోతుంది గనుక, ఆమె ఎదుట నిలబడ్డాక మామూలు మనిషిలా మాట్లాడి తెలుసుకోవలసిందే.

అక్కడే నీ పెళ్లిచూపులు గుర్తుకు వచ్చాయి. నువ్వు కాఫీ పళ్లెం పట్టుకుని వస్తుంటే, గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగాయి. వాళ్లు వెళ్లాక ఇల్లంతా అబ్బాయికి నచ్చిందా లేదా అన్నదే మాట. నువ్వు పెరట్లో ఆ గ్లాసులు తోముతుంటే, పదేళ్లవాణ్ణి, మిగిలిన సున్నుండలు తింటూ పక్కనే కూర్చున్నాను గాని, నీకు నచ్చాడా అని నేనూ అడగలేదు.

ఆ రోజు ఏమనుకున్నావో జవాబులో రాయి. బావగారు చదువుతారని సంకోచమైతే, ఆదివారం ఫోను చేస్తాను, పెరట్లోకి వచ్చి చెప్పు.

ఇట్లు,
నీ తమ్ముడు