అమ్మ కాలి మీద వల

కర్నూలు,
ఆదివారం రాత్రి

రేయ్ మల్లీ,

నడుము నొప్పికి రోజూ వేడినీళ్ల బ్యాగు పెట్టుకుని అలాగే నిద్రపోతున్నానని ఫోన్లో అన్నావు చూడు, అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. ఎందుకో చెప్తా.

అమ్మ ఇంకా సి క్యాంపు దగ్గర జొన్న రొట్టెలు చేస్తూనే ఉంది. పీట మీద కూర్చుని కుడికాలు ముడుచుకుంటుంది, ఎడమకాలు పొయ్యి పక్కకి చాపుకుంటుంది. ఇరవై ఏళ్లుగా అదే కూర్చోవడం. మొన్న కాళ్లు లాగుతున్నాయంటే నూనె రాస్తూ చూశాను. ఎడమ పిక్క మీద గోధుమ నలుపు రంగులో వల పరిచినట్టు గీతలు, గళ్ల మధ్య మామూలు చర్మం. దురద లేదు, నొప్పి లేదు. వేలితో నొక్కినా ఆ రంగు చెదరలేదు. కుడికాలు మాత్రం శుభ్రంగా ఉంది. తామరేమో అనుకుని మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు నెలరోజులు రాశాం, ఏమీ తగ్గలేదు.

చర్మం డాక్టరమ్మ చూడగానే ఒక్క మాటే అడిగారు, "పొయ్యి మీకు ఎటుపక్క ఉంటుందమ్మా?" అని. "ఎడమపక్క" అంది అమ్మ. దీన్ని ఎరిథెమా ఎబ్ ఇగ్నె అంటారట, లాటిన్‌లో నిప్పు వల్ల వచ్చిన ఎరుపు అని. బొబ్బలెక్కేంత వేడి అక్కర్లేదురా. ఒంటికి హాయిగా ఉండే సెగ, 43 నుంచి 47 డిగ్రీలది, రోజూ ఒకేచోట తగిలితే చాలు. మొదట ఎర్రబడుతుంది, పోనుపోను నల్లబడుతుంది. కాశ్మీరులో చలికి కాంగ్రీ అని నిప్పుల కుంపటి బట్టల కింద పెట్టుకుంటారు. వాళ్లకి తొడల మీద, పొట్ట మీద ఇవే మచ్చలు. ఏళ్లు గడిచాక కొందరికి అక్కడే క్యాన్సర్ కూడా వస్తుందట. అరుదే గానీ, పుండు పడినా గడ్డ లేచినా వెంటనే రమ్మన్నారు. ఆ మాట విని అమ్మ మూడు రాత్రులు నిద్రపోలేదు.

సెగ తగలకుండా చూసుకోవడమే మందు. కొత్త మచ్చలు నెలల్లో పోతాయి, ఇంత పాతవి పూర్తిగా పోకపోవచ్చు. పొయ్యి మానమని నేను అనలేను, ఆ రొట్టెలతోనే కదరా నన్ను చదివించింది. పొయ్యికీ కాలికీ మధ్య నాలుగు వరసల ఇటుకలు అడ్డం కట్టాను.

నువ్వు రేపే వీపు చూసుకో. ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంటావు కాబట్టి తొడలు కూడా చూసుకో, దానివల్ల వచ్చినవాళ్లూ ఉన్నారు. మచ్చ లేకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లు. ఇన్ని నెలలు బ్యాగు లేనిదే నిద్రపట్టని నొప్పికి లోపల ఏదో కారణం ఉండాలి. వీపు నీకు కనబడకపోతే ఫోటో తీయించి పంపు. అమ్మ కాలు ఫోటో నా ఫోన్లో ఉంది, పక్కన పెట్టి చూస్తాను.

నీ
రాజు