బ్యాటరీ మార్చేముందు ఒక్కసారి తాళం సంగతి చూడు

ఒరేయ్ మావా,

నిన్న ఫోన్లో నువ్వు తేలిగ్గానే అన్నావు, కారు ఒక్కోసారి సెల్ఫ్ తీసుకోవట్లేదు, తాళం రెండు మూడుసార్లు ఆడిస్తే అందుకుంటోంది, బ్యాటరీ పోయినట్టుంది మార్చేస్తానని. రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. నాకూ సరిగ్గా ఇలాగే మొదలైంది. తాళం ఆడిస్తే అందుకుంటోందంటే నా అనుమానం బ్యాటరీ మీద కాదు, ఇగ్నిషన్ స్విచ్ మీద, అదే తాళం తిప్పితే బండికి కరెంటు కలిపే స్విచ్.

కిందటేడు ఎండల్లో అమ్మని తీసుకుని ఒంగోలు వెళ్తున్నా. మార్టూరు దాటాం, 80 మీద ఉన్నాం, ఉన్నట్టుండి పాట ఆగిపోయింది, ఏసీ ఆగిపోయింది, మీటర్లో ముళ్లన్నీ కిందికి పడిపోయాయి, ఇంజన్ చప్పుడే లేదు. స్టీరింగ్ బిగుసుకుపోయింది. వెనకాల లారీ. హజార్డ్ లైట్లు వేసి, న్యూట్రల్ చేసి, బలమంతా పెట్టి ఎడమ పక్కకి లాగాను. రెండోసారి తొక్కేసరికి బ్రేకు కూడా గట్టిపడిపోయింది. అమ్మ నోట మాట లేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. కాసేపాగి తాళం అటూ ఇటూ తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్టయింది.

ఇక్కడో సంగతి ఉంది, నాకు తర్వాతెప్పుడో అర్థమైంది. హజార్డ్ లైట్లు వెలిగాయంటే బ్యాటరీ బాగానే ఉన్నట్టు. వాటికి తాళంతో పని లేదు, కరెంటు నేరుగా బ్యాటరీ నుంచే వస్తుంది. తాళం మీద నడిచేవన్నీ ఒకేసారి ఆగిపోయి అవి మాత్రం వెలుగుతున్నాయంటే తేడా ఆ మధ్యలోనే, స్విచ్‌లోనో దానికి కరెంటిచ్చే ఫ్యూజులోనో ఉండాలి. అయినా ఒకాయన బ్యాటరీ మార్చాడు. వారానికే మళ్లీ ఆగింది. ఇంకొకాయన పెట్రోల్ పంపన్నాడు, అదీ మార్చాం. ఇద్దరిలో ఎవరూ వోల్టేజీ కొలిచే మీటర్ పెట్టి చూడలేదు, ఆ బాధ నాకిప్పటికీ ఉంది.

చివరికి గుంటూరులో ఓ పెద్దాయన దొరికాడు, ఆటో ఎలక్ట్రీషియన్. ముందు బ్యాటరీ చూశాడు, 12.6 వోల్టులు ఉంది. స్టార్ట్ చేయించి చూస్తే 14 దాటింది, అంటే బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో కూడా బాగున్నట్టే. అప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు తీసేసి, కాసేపాగి, స్టీరింగ్ కింద ప్లాస్టిక్ కవర్ విప్పాడు. వైర్లు కలిపే కప్లర్లలో పసుపు రంగుది మాత్రం ముట్టుకోలేదు, అది ఎయిర్‌బ్యాగ్‌ది, నువ్వూ ముట్టుకోకు. స్విచ్ కప్లర్ బయటికి లాగి నాకు చూపించాడు. తెల్లటి ప్లాస్టిక్, అందులో ఒక్క పిన్ను చుట్టూ మాత్రం టీ డికాషన్ రంగు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన. మళ్లీ తగిలించి, బ్యాటరీ కలిపి, తాళం ఆన్‌లో పెట్టి, ఏసీ ఫ్యాన్ ఫుల్‌గా తిప్పి మీటర్ పెట్టాడు. స్విచ్‌లోకి వచ్చే వైరులో 12.4, బయటికి పోయే వైరులో 10.7. తాళం కొంచెం కదిపితే సున్నా! లోపల రాగి కాంటాక్టులు మసిబారిపోయాయట. మసి వల్ల వేడి, వేడి వల్ల ఇంకా మసి. అందుకే ఎండాకాలం, ఏసీ వేసినప్పుడే ఆగేది.

నువ్వు ఇంటి దగ్గరే కొంత పసిగట్టొచ్చు. తాళం పూర్తిగా తిప్పినప్పుడు టిక్కుమని, లైట్లు మసకబారితే బ్యాటరీయో దాని టెర్మినళ్లో. లైట్లు నిబ్బరంగా వెలుగుతూ అసలు చప్పుడే లేకపోతే సెల్ఫ్‌కి సిగ్నల్ పోవట్లేదన్నమాట, అది స్విచ్ కావచ్చు, సెల్ఫ్‌కి కరెంటు వదిలే రిలే కావచ్చు, నీది క్లచ్ తొక్కితేనే స్టార్టయ్యే బండి కాబట్టి పెడల్ దగ్గరుండే చిన్న స్విచ్ కూడా కావచ్చు. ఇంజన్ అందుకుని, తాళం వదలగానే ఆగిపోతుంటే మాత్రం ఆన్ కాంటాక్టు పోయిందని దాదాపు ఖాయం.

మార్చాల్సి వస్తే తాళం దూరే బ్యారెల్‌తో సహా సెట్టంతా మార్చాలంటారు, వెంటనే ఒప్పుకోకు. చాలా కార్లలో బ్యారెల్ వేరు, దాని వెనకుండే కరెంటు స్విచ్ వేరు. నాకు స్విచ్ ఒక్కటే మార్చాడు, రెండు స్క్రూలు, కప్లర్ పిన్ను కూడా కొత్తది వేశాడు, మొత్తం 1,150 రూపాయలు. పాత తాళంచెవే వాడుతున్నా.

నీ తాళాల గుత్తి కూడా తగ్గించరా. ఇంటి తాళాలు, బీరువా తాళం, బైకు తాళం, ఆ ఇత్తడి బిళ్ల, అన్నీ దానికే వేలాడుతుంటాయి. గతుకుల్లో ఆ బరువంతా ఊగి స్విచ్‌ని అరగదీస్తుంది. 2014లో అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్ దాదాపు 26 లక్షల కార్లు వెనక్కి పిలిచింది ఎందుకనుకున్నావ్? స్విచ్‌లో తాళాన్ని నిలిపి ఉంచాల్సిన పట్టు చాలక, గుత్తి బరువుకో మోకాలు తగిలితేనో నడుస్తుండగానే తాళం వెనక్కి జారిపోయేది, ఇంజన్ ఆగేది, గుద్దుకుంటే ఎయిర్‌బ్యాగులు తెరుచుకునేవి కావు. ఆ కంపెనీ పెట్టిన పరిహార నిధే 124 చావులను ఒప్పుకుంది.

ఈలోగా దార్లో ఆగితే కంగారుపడి తాళం బయటికి లాగకు, స్టీరింగ్ లాక్ పడిపోతుంది. బ్రేకు పదేపదే తొక్కకు, ఒక్కసారే గట్టిగా తొక్కి పట్టు.

పిల్లల్ని ఎక్కించుకుని తిరుపతి బయల్దేరేది వచ్చే వారమే కదా, అప్పటిదాకా ఆగొద్దు. ఆదివారం పొద్దున్నే నేనే వస్తా, మీటర్, టెస్ట్ ల్యాంప్ రెండూ తెస్తా. నువ్వు కారుని నీడలో పెట్టించు, గుత్తిలోంచి కారు తాళం ఒక్కటీ విడిగా తీసి ఉంచు. చెల్లెమ్మని టిఫిన్ హడావుడి పెట్టుకోవద్దని చెప్పు.

నీ మావ