ఓపీ హాలులో నా పక్కన కూర్చున్న ఆ అమ్మకు కృతజ్ఞతలు

నిన్న రాత్రి హైదరాబాదు నుంచి ఇల్లు చేరేసరికి పదకొండు దాటింది. ముక్కు ఇంకా దిమ్మెక్కి ఉంది, ఛాతీ దగ్గర కుట్లు సలుపుతూనే ఉన్నాయి, అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోవడానికి మనసొప్పలేదు.

గత ఏడాది స్కూటరు మీద నుంచి పడి ముక్కుకు దెబ్బ తగిలినప్పుడు, రెండు రంధ్రాల మధ్య గోడలో రక్తం గూడుకట్టిన సంగతిని మొదట చూసినచోట ఎవరూ గమనించలేదు. ఆ గోడలోని మృదులాస్థికి, అంటే ఎముకకంటే మెత్తగా వంగే ఆ భాగానికి, సొంత రక్తనాళాలు ఉండవు, దాన్ని అంటిపెట్టుకున్న పొర నుంచే పోషణ అందాలి. రక్తం ఆ పొరను విడదీయడంతో కొన్నాళ్ళకే లోపలి ఆధారం చచ్చిపోయి, నా ముక్కు దూలం జీనులా కుంగిపోయింది, గాలి ఆడడం కష్టమైంది. ముక్కులో మిగిలినది పనికిరాదని, చెవి నుంచి తీసేది చాలదని చెప్పి, పక్కటెముక మృదులాస్థిని తీసి అమర్చారు.

ముక్కు కదలకుండా పెట్టిన స్ప్లింట్ (ఆధారపు కట్టు) తీసిన మూడో రోజు అద్దంలో చూసుకుంటే ముక్కు ఎడమకు ఒరిగినట్లు కనిపించింది. పెట్టిన ముక్క వంగవచ్చని, చీము పట్టవచ్చని, కొంత కరిగిపోవచ్చని ఆపరేషన్ ముందు సంతకం చేసిన కాగితాల్లో చదివినవన్నీ గుర్తుకొచ్చి రెండు రాత్రులు కన్ను మూతపడలేదు. ఎన్నిసార్లు ఫోను చేసినా ఆసుపత్రిలో ఎత్తినవారు లేరు.

నిన్న ఓపీ హాలులో నా టోకెన్ 71. నేను ఫోను కెమెరాలో పదేపదే ముక్కు చూసుకోవడం గమనించి, మనుమడి చెవి చూపించడానికి వచ్చిన ఒక పెద్దామె, "పక్కబొక్కది వెట్టిన్రా బిడ్డా?" అని అడిగారు. తలూపాను. ఆమె ఇంకేమీ అడగకుండా నా చేయి అందుకుని, నా వేలిని తన ముక్కు దూలం మీద ఆనించి, "గట్టిగ వత్తి చూడు. ఐదేండ్లాయె. గిది గూడ నా పక్కబొక్కనే. ఏడికి వోలే" అన్నారు. ఆపరేషన్ రోజున కూడా ఏడవని నేను, ముక్కు చీదకూడదన్న భయం ఒకపక్క, ఆపుకోలేని దుఃఖం ఒకపక్క, అంతమందిలో ఏడ్చేశాను. కొంగుతో నా చెంపలు మాత్రమే, ముక్కుకు తగలకుండా, తుడిచారు. ఆ జాగ్రత్త ఆ బాధ పడినవారికే తెలుస్తుంది. తరువాత తన 23వ నంబరు టోకెన్ నా చేతిలో పెట్టి, మనుమడు ఆకలని మారాం చేస్తున్నా, నా 71వ నంబరు వచ్చేదాకా నా బదులు తానే కూర్చున్నారు.

డాక్టరు గారు వేళ్ళతో తడిమి, లోపల కెమెరాతో చూసి, ముక్క వంగలేదని, వాపు ఒకవైపు ఎక్కువగా ఉండడం వల్ల అలా కనిపిస్తోందని చెప్పారు. పక్కటెముక మృదులాస్థి పైపొరల్లో ఒక బిగువు ఉంటుందట, ఒకవైపే చెక్కితే రెండోవైపుకు వంగుతుందట. అందుకే నడిమి భాగాన్ని తీసుకుని రెండువైపులా సమానంగా చెక్కాలన్న సూత్రాన్ని బ్రిటన్‌లో గిబ్సన్, డేవిస్ అనే వైద్యులు 1958లోనే చెప్పారని, నా ముక్కను కూడా అలాగే చెక్కి, సెలైన్‌లో ఉంచి వంపు చూసుకున్నాకే అమర్చామని వివరించారు. తుది రూపం తేలడానికి ఏడాది పడుతుందన్నారు. ఈ మాటలు ఫోనులో ఎవరైనా చెప్పి ఉంటే ఆ రెండు రాత్రులు నాకు మిగిలేవి.

బయటికి రాగానే ఆ అమ్మ "డాక్టరు ఏమన్నడు?" అని అడిగి, విని, "తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్ము" అని మాత్రం చెప్పారు. పేరు అడగడం కూడా నాకు తోచలేదు.

మా వారు, అత్తమ్మ, తమ్ముడు ఎలాగూ నా వెంటే ఉన్నారు. డబ్బు సర్దింది కూడా వాళ్ళే, ఎందుకంటే బీమా సంస్థ ఇది అందం కోసం చేయించుకున్న ఆపరేషన్ అని తిరస్కరించింది. ప్రమాదం తర్వాత చేసే పునర్నిర్మాణానికి ఆ మినహాయింపు వర్తించదని పాలసీలోనే అచ్చయి ఉంది. గాలి ఆడక కోయించుకున్నదాన్ని అందం అనడం నన్ను నిజంగా గాయపరిచింది. మళ్ళీ రాశాను, వదిలిపెట్టను.

పంపబోతూ గుర్తొచ్చింది: మొదటి రాత్రి దగ్గు వచ్చినప్పుడల్లా నా ఛాతీకి దిండు అదిమి పట్టిన నర్సమ్మకు, నా పదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పిన తోటి టీచరుకు కూడా కృతజ్ఞతలు. నిన్న బస్టాండు దాకా ప్రతి స్పీడ్‌బ్రేకర్ దగ్గర బండిని దాదాపు ఆపి దాటించిన ఆటో అన్నకు కూడా.