వార్షిక నివేదిక 2025–26: కోహిమా నాటి సైనికుడి దుస్తుల కోసం

గౌరవ సభ్యులకు నమస్కారం.

రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగపు సైనికుల వేషం వేసి ప్రదర్శనలు ఇచ్చే మన సంఘం 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి వరకు చేసిన పనులను మీ ముందు ఉంచుతున్నాను. ఏటా ఎక్కడెక్కడ ప్రదర్శన ఇచ్చామో చెప్పడంతో నివేదిక మొదలయ్యేది. ఈసారి ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. నిరుడు వేసవిలో ఒక పట్టణంలో మన గుడారం ముందు ఒక పెద్దాయన చాలాసేపు నిలబడి, మనవాళ్లను ఒక్కొక్కరినీ పరికించి చూసి, "మీరంతా ఏ సంవత్సరం సైనికులు?" అని అడిగారు. ఎవరి దగ్గరా సమాధానం లేదు. ఒకరి తల మీద బెండు టోపీ, మరొకరికి ఎడారి యుద్ధం నాటి నిక్కరు, ఇంకొకరి ఒంటి మీద యుద్ధం ముగిశాక వచ్చిన చొక్కా. బర్మా యుద్ధం అని బోర్డు పెట్టుకున్నాం కానీ ఆ బోర్డు కింద పదేళ్ల కాలం కలగాపులగంగా నిలబడి ఉంది.

ఆ ప్రశ్నను కార్యవర్గం తేలిగ్గా తీసుకోలేదు. ఈ ఏడాది చేసిన పనంతా దానికి సమాధానం వెతకడమే.

ముందు తేల్చుకున్నది ఏమిటంటే, బ్రిటిష్ సైన్యపు "ఉష్ణమండల దుస్తులు" అనే ఒకే జత ఎక్కడా లేదు. 1941 చివర మలయాలో దిగినవాళ్లు ఖాకీ డ్రిల్ (దళసరి నూలు బట్ట) చొక్కా, నిక్కరు వేసుకుని పోరాడారు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలోనూ దాదాపు అదే వేషం. మోకాళ్ల పైదాకా మడిచి గుండీ పెట్టుకుని, సాయంత్రం దోమలు మూగే వేళకు కిందికి దించుకునే వెడల్పాటి నిక్కర్లు కూడా ఉండేవి. ఇసుకలో కలిసిపోయే ఆ రంగు బర్మా అడవిలో దూరం నుంచే కనబడిపోయేది. అందుకే 1943 నుంచి ఆకుపచ్చ దుస్తులు వచ్చాయి. కాబట్టి ఏ చోటు, ఏ నెల, ఏ దళం అనేది ఖాయం చేసుకోకుండా ఒక్క గుండీ కూడా కొనకూడదని మే నెల సమావేశంలో తీర్మానించాం. ఎంచుకున్న చోటు బర్మా వైపు నుంచి వచ్చిన జపాన్ సైన్యంతో పోరు జరిగిన ఈశాన్య భారతంలోని ఇంఫాల్–కోహిమా, కాలం 1944 ఏప్రిల్ నుంచి జూన్. జనరల్ స్లిమ్ నాయకత్వంలోని 14వ సైన్యంలో ఒక బ్రిటిష్ పదాతి దళం, దాని పక్కన రోడ్లు, వంతెనలు వేసే మద్రాస్ శాపర్ల బృందం.

ఈ ఎంపికతోనే సగం సామాను పక్కకు పోయింది. కోహిమా సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న కొండ ఊరు. వానాకాలం మొదలైతే రాత్రిళ్లు వణికిస్తుంది. అక్కడ నిక్కరు వేసుకుని నిలబడిన సైనికుణ్ణి చూపిస్తే అది అబద్ధమే. పైగా బర్మా రంగంలో మలేరియా శత్రువుతో సమానంగా సైన్యాన్ని పడగొట్టింది. చీకటి పడితే చొక్కా చేతులు దించుకోవాలి, పొడుగు ప్యాంటు ఉండాలి, మెపాక్రిన్ మాత్ర మింగాలి అని కచ్చితమైన ఆజ్ఞలు ఉండేవి. మన దగ్గరున్న తొమ్మిది నిక్కర్లనూ పెట్టెలో పెట్టేశాం. కొందరు సభ్యులు బాధపడ్డారు, అది సహజం. ఎడారి రంగం చేసే రోజు వస్తే అవి మళ్లీ బయటికి వస్తాయి.

బట్ట గురించి

ఈ ఏడాది నన్ను ఎక్కువగా కదిలించిన విషయం ఇది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

బ్రిటిష్ సైనికుడి దుస్తులు అనగానే బ్రిటన్ నుంచి ఓడలో వచ్చాయని అనుకుంటాం. బర్మా సైనికుడి ఒంటి మీద ఉన్నదానిలో చాలా భాగం భారతదేశంలో నేసి, రంగు వేసి, కుట్టినది. ఖాకీ అన్న మాటే ధూళిని సూచించే పారసీ మాట నుంచి వచ్చింది. 1840ల చివర పెషావరు దగ్గర లమ్స్‌డెన్ అనే బ్రిటిష్ అధికారి తన గైడ్స్ దళానికి మొదట ఈ రంగు వాడాడు. చెట్లూ ఆకుల నుంచి తీసిన ఆ తొలి రంగులు నిలిచేవి కావు. 1884లో లాంకషైర్‌లో గాటీ అనే రంగుల వ్యాపారి ఇనుము, క్రోమియం లవణాలతో ఉతికినా పోని ఖాకీకి పేటెంటు తీసుకున్నాడు. మద్రాసులోని బకింగ్‌హాం, కర్ణాటక్ మిల్లుల ఖాకీకి సైన్యంలో పెద్ద పేరు. కాళ్లకు చుట్టుకునే పట్టీ, తలకు పెట్టుకునే టోపీ, ఈ మాటలు కూడా మన దేశం నుంచే ఇంగ్లిషు సైన్యంలోకి వెళ్లాయి. ఆ బెండు టోపీలోని బెండు, పెళ్లి బాసికాలకు వాడే మన జీలుగు బెండు లాంటిదే.

మిల్లులు సైన్యం కోసం నేస్తూ ఉంటే ఇళ్లలో బట్ట కరువైంది. 1943లో బట్ట మీద, నూలు మీద నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. మన పెద్దల నోట "కంట్రోలు బట్ట" అన్న మాట విన్నవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. మా అమ్మమ్మ ఆ మాట అన్నప్పుడల్లా గొంతు మారిపోయేది. ఈ ఏడాది ఒక పచ్చ చొక్కా చేతిలో పట్టుకున్నప్పుడు నాకు ఆ గొంతు వినిపించింది. ప్రదర్శనలో దుస్తుల గురించి చెప్పేటప్పుడు ఈ సంగతి వదిలిపెట్టవద్దని సభ్యులందరినీ కోరుతున్నాను. సైనికుడి కథతోపాటు ఆ బట్ట నేసిన చేతుల కథ, ఆ బట్ట దొరకని ఇంటి కథ కూడా చెప్పాలి.

రంగు వేసిన రెండు వారాంతాలు

కొత్త పచ్చ బట్టతో కుట్టిన దుస్తులు అందేలోపు, ఉన్న ఖాకీనే పచ్చ రంగులో ముంచి సైనికులకు ఇచ్చిన సందర్భాలు ఉన్నాయి. మనమూ అదే దారిన వెళ్లాలని అక్టోబరులో రెండు వారాంతాలు ఒక సభ్యుడి ఇంటి గరాజులో పని పెట్టుకున్నాం. ముందు బట్టలోని గంజి పూర్తిగా పోయేలా వేడి నీళ్లలో ఉతికి, ఉప్పు, సోడా వేసిన నీళ్లలో నూలుకు పట్టే రంగుతో అద్దాం. ఏడు జతలు చేశాం.

మొదటి రెండు చొక్కాలు పాడయ్యాయి, వాటి గురించి చెప్పాలి. బట్ట చక్కగా పచ్చబడింది, కుట్లు మాత్రం లేత ఖాకీగానే నిలిచిపోయాయి. కుట్టినవాళ్లు వాడినది పాలియెస్టర్ దారం. నూలు రంగు దానికి పట్టదు. ఐదు అడుగుల దూరం నుంచి ప్రతి జేబు చుట్టూ గీత గీసినట్టు కనిపించింది. కుట్లన్నీ విప్పి నూలు దారంతో మళ్లీ కుట్టించాం. ఇకపై సంఘం కోసం కుట్టించే ప్రతి దుస్తుకూ నూలు దారమే ఉండాలని తీర్మానం చేశాం.

మూడు ఉతుకులకు రంగు వెలిసి, మడతల దగ్గర పసుపు తిరిగినప్పుడు కొందరు మళ్లీ ముంచుదామన్నారు. నేను వద్దన్నాను. ఆనాటి ఫొటోలు చూడండి. ఒకే వరుసలో నిలబడ్డ పదిమందిలో పది ఛాయలు ఉంటాయి. చెమటకు భుజాల మీద ఉప్పు తెల్లగా మరకలు కట్టింది, వెబ్బింగ్ (సామాను మోయడానికి ఒంటికి కట్టుకునే మందపాటి నేత) పట్టీల కింద మాత్రం రంగు ముదురుగానే ఉండిపోయింది. మన దుస్తులు కూడా వాడుకలోనే అలా కావాలి. ఇసుక కాగితంతో రుద్ది పాత చేయడం ఎవరూ చేయవద్దు.

చొక్కాల విషయంలో ఇంకా లోటు ఉంది. చాలామంది వేసుకున్నది గాలి ఆడే చిన్న చిన్న రంధ్రాల నేత బట్ట. ఇంగ్లండులో 1888 నుంచి ఏర్‌టెక్స్ పేరుతో ప్రసిద్ధమైన నేత అది. యుద్ధకాలంలో భారతదేశంలోనూ ఆ రకం బట్టతో చొక్కాలు కుట్టారు. ఇప్పుడు బజారులో దొరికే రంధ్రాల బట్టలో పాలియెస్టర్ కలుస్తోంది, రంధ్రాలు కూడా మరీ పెద్దవి. సరైన బట్ట దొరికేదాకా సాదా నూలు చొక్కాలతో సరిపెట్టుకున్నాం, అడిగినవాళ్లకు ఆ మాట దాచకుండా చెప్పాం.

కొన్నవీ, మోసపోయినవీ

ఒక అమ్మకందారు "1944 జంగిల్ గ్రీన్" అని చెప్పిన కోటుకు సంఘం 85 పౌండ్లు చెల్లించింది. లేబులు కత్తిరించి ఉంది. అప్పుడే అనుమానించాల్సింది. ఇంటికి తెచ్చాక జేబు లోపలి వైపు వెలిసిపోయిన ముద్రలో 1952 అని చదవగలిగాం. మలయాలో కమ్యూనిస్టు గెరిల్లాల మీద పోరు నాటి కోటు అది. సగం డబ్బు తిరిగి వచ్చింది. కొనుగోలును ఆమోదించినది నేనే కాబట్టి ఆ బాధ్యత నాది. ఇక ముందు ముప్పై పౌండ్లు దాటిన ఏ పాత వస్తువునైనా ఇద్దరు సభ్యులు చేతిలోకి తీసుకుని, లోపలి ముద్ర చదివాకే కొంటాం.

దానికి ఎదురుగా ఒక సంతోషం. ఒక సంతలో పాత సామాను గుట్టలో మన సభ్యురాలు ఏరిన వెబ్బింగ్ బెల్టు మీద బాణం గుర్తు, దాని కింద "ఐ" అక్షరం, 1943 సంవత్సరం ఉన్నాయి. బాణం బ్రిటిష్ ప్రభుత్వ ఆస్తికి గుర్తు, కింద ఆ అక్షరం ఉంటే భారతదేశంలో తయారైనది. బ్రిటన్‌లో నేసిన బెల్టు దట్టంగా, గట్టిగా ఉంటుంది. ఇది వదులు నేత, అంచులు కాస్త వంకర. యుద్ధపు తొందరలో ఎవరో మగ్గం ముందు కూర్చుని చేసిన పని కళ్లకు కడుతుంది. ఆరు పౌండ్లకు వచ్చింది.

వెబ్బింగ్ అంతా 1937 నమూనాదే వాడుతున్నాం. నడుము బెల్టు, రెండు పెద్ద పౌచీలు, భుజాల మీదుగా అడ్డంగా వెళ్లే పట్టీలు, వీపున చిన్న సంచి, నీళ్ల సీసా. అడవి కోసమే తేలిగ్గా, త్వరగా ఆరేలా చేసిన 1944 నమూనా చూడటానికి ఆకర్షణగా ఉంటుంది. కానీ అది యుద్ధం చివర్లోనే కొద్దిమందికి చేరింది, కోహిమాలో దానికి చోటు లేదు. టోపీ విషయంలో తర్జనభర్జనలు లేవు. వెడల్పు అంచు ఉన్న ఫెల్టు టోపీ, ఒక పక్క అంచు పైకి మడిచి. మేకులు కొట్టిన అమ్యూనిషన్ బూట్లు, పైన పొట్టి పట్టీలు లేదా చీలమండలకు కట్టుకునే వెబ్బింగ్ యాంక్లెట్లు.

ఒక సవరణ మాత్రం ప్రస్తావించక తప్పదు. ఒక సభ్యుడు అభిమానంతో చొక్కా మీద బర్మా స్టార్ రిబ్బను కుట్టించుకున్నారు. ఆ పతకాన్ని ప్రకటించినదే 1945 మేలో. 1944 సైనికుడి గుండె మీద అది ఉండే వీలు లేదు. అసలు, తాము సంపాదించని పతకాలను మన సభ్యులు ఏ కాలపు వేషంలోనూ ధరించకూడదు. ఆయన మరుసటి వారమే విప్పేశారు, సంఘం తరఫున కృతజ్ఞతలు.

తాతగారి ఫొటో

మద్రాస్ శాపర్ల వేషానికి మనకు దారి చూపినది ఒక కుటుంబ ఫొటో. విశాఖపట్నం వైపు నుంచి వచ్చిన ఒక సభ్యురాలి తాతగారు శాపర్లలో పనిచేశారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన కొన్ని నెలలకే ఆయన సైన్యంలో చేరారట. ఫొటోలో ఆయన చేతులు దించిన చొక్కాతో, ఫెల్టు టోపీతో, పక్కన చెట్టుకు వేలాడుతున్న చాగల్‌తో నిలబడ్డారు. చాగల్ అంటే నీళ్లు పోసే కాన్వాసు సంచి. పైకి చెమ్మగిల్లి, ఆ చెమ్మ ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరుస్తుంది. మన ప్రదర్శనలో అప్పటిదాకా చాగల్ లేదు. ఆ ఫొటో చూసి రెండు కుట్టించాం. గుడారం ముందు వేలాడదీసిన ఆ సంచి దగ్గరే పిల్లలు ఎక్కువసేపు ఆగారు.

ప్రదర్శనలు

మూడు ఇచ్చాం. వాటిలో 2025 ఆగస్టు 15 నాటిది ముఖ్యం. జపాన్ మీద విజయానికి 80 ఏళ్లు నిండిన రోజు. కొత్త దుస్తులు అప్పటికి సిద్ధం కాలేదు. ఉన్నవాటిలో 1944కు సరిపడేవి మాత్రమే వేసుకుని నలుగురమే నిలబడ్డాం. తక్కువమందైనా తప్పు లేకుండా నిలబడటం మంచి నిర్ణయమని ఇప్పటికీ అనుకుంటున్నాను. శాపర్ల పొయ్యి మీద అన్నం, పప్పు వండాం. బ్రిటిష్ సైనికులకు డబ్బాలో మాంసం, బిస్కెట్లు ఇచ్చారని తెలిసినవాళ్లకు, అదే సైన్యంలో అన్నం తినేవాళ్లకు వేరే రేషను ఉండేదని అక్కడే తెలిసింది.

నవంబరులో పదకొండు మందిమి యార్క్‌లోని ఇంఫాల్ బ్యారక్స్‌లో ఉన్న కోహిమా మ్యూజియానికి వెళ్లాం. గాజు పెట్టెల ముందు కొలతలు, కుట్లు, జేబుల ఆకారాలు రాసుకున్నాం. ప్యాంటు ఎడమ తొడ మీది మ్యాపు జేబు, ముందు వైపు గాయానికి కట్టే గుడ్డ పెట్టుకునే జేబు మనం అనుకున్నదాని కన్నా పెద్దవి.

మరొక తీర్మానం. అసలైన పాత దుస్తులను ఇక ఎవరూ ధరించరు. అవి చిన్న కొలతలవి, భుజం దగ్గర లాగితే చిరుగుతాయి. 80 ఏళ్లు నిలిచిన బట్టను ఒక మధ్యాహ్నం కోసం చింపే హక్కు మనకు లేదు. పెట్టెలో చదునుగా పరిచి చూపిస్తాం, నకలు వేసుకుంటాం.

లెక్కలు

సభ్యులు 27 మంది, నిరుటి కన్నా నలుగురు ఎక్కువ. చందాలు, విరాళాలు కలిపి 1,310 పౌండ్లు వచ్చాయి. దుస్తులకు, రంగులకు 640, బీమాకు 210, ప్రయాణాలకు, గుడారం మరమ్మతుకు 285 పోగా 175 పౌండ్లు మిగిలాయి. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు.

వచ్చే ఏడాదికి రెండు పనులు. రంధ్రాల నేత నూలు బట్టను నేయగల మగ్గం మన వైపు ఎక్కడైనా ఉందేమో వేసవిలో ఊళ్లకు వెళ్లే సభ్యులు విచారించాలి. నమూనా ముక్క, దారం లెక్క కాగితం నా దగ్గర తీసుకెళ్లండి. అలాగే మీ ఇళ్లలో, బంధువుల ఇళ్లలో బర్మాకు వెళ్లిన సైనికుల ఫొటోలు ఉంటే వెనక వైపు రాతతో సహా ఫొటో తీసి తెండి. జూన్ మొదటి ఆదివారం కొలతల రోజు. బూట్లు, బెల్టు వెంట తెచ్చుకోండి, ప్యాంటు పొడవు బూట్లతోనే చూడాలి.

కార్యదర్శి